ఏడో తల్లిచెట్టు: పొన్న మొక్కల ప్రాజెక్టు డైరీ

2022 నవంబరు 27, ఆదివారం

మా వైపు పొన్న చెట్లను మళ్ళీ పెంచాలనుకుంటున్నాను, ఈ రోజు నుంచి ఆ లెక్క రాసి పెట్టుకుంటున్నాను. మాది సఖినేటిపల్లి మండలం, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే వైపు. నెల రోజులుగా ఆదివారాలు మా ఊరూ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళూ సైకిలు మీద తిరిగాను. కాయలు కాసే పొన్న చెట్లు ఆరు దొరికాయి. గుడి కోనేటి గట్టున రెండు, శ్మశానం దారిలో ఒకటి, పాత రేవు దగ్గర ఒకటి, బడి గోడ అవతల ఒకటి, రొయ్యల చెరువు గట్టు మీద సగం ఎండిపోయినది ఒకటి.

మా తాతయ్య పడవల వడ్రంగి. తన చిన్నప్పుడు రేవు నుంచి గుడి దాకా పొన్న నీడలోనే నడిచేవాళ్ళమని చెప్పేవారు. పెద్దవాళ్ళు అలాగే చెబుతారులే అనుకునేదాన్ని. ఇప్పుడు ఆరు చెట్లు లెక్కపెట్టాక ఆ మాట నన్ను వదలడం లేదు.

ప్రపంచం లెక్కలో పొన్న అంతరించిపోతున్న చెట్టు కాదు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ దీవుల దాకా ఉంది. ఎర్రచందనానికైతే 1995 నుంచి అరుదైన జాతుల వాణిజ్యాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో చోటుంది, అడవిలో కాపలా ఉంది, పట్టుబడితే పేపర్లో వార్త ఉంది. పొన్న ఊరి మధ్య నుంచి ఒక్కొక్కటిగా పోయింది. ఎవరూ దొంగతనంగా కొట్టలేదు. కొబ్బరికి అడ్డమని కొట్టారు, రోడ్డు కోసం కొట్టారు, చెరువు తవ్వుతూ కొట్టారు. ఫైబర్ పడవలు వచ్చాక కలప అడిగేవాళ్ళు లేరు, కిరోసిను వచ్చాక దీపానికి పొన్న నూనె అడిగేవాళ్ళు లేరు.

పేరు కూడా పోయింది. మా వైపు పున్నాగ చెట్టు ఎక్కడుందని అడిగితే కాడమల్లెను చూపిస్తారు, పిల్లలు దారం లేకుండా కాడలతోనే జడలా అల్లుకునే తెల్లపువ్వు చెట్టును. అదీ మంచి చెట్టే, కానీ పొన్న కాదు. మడ అడవిలోని ఉప్పుపొన్న వేరు, సురపొన్న ఇంకొకటి. ఇన్ని పొన్నల మధ్య అసలు పొన్నను గుర్తుపట్టే పద్ధతి ఒకటే నాకు నమ్మకమైనది: ఆకును వెలుగుకు అడ్డం పెట్టి చూడటం. నడిమి ఈనె నుంచి అంచు దాకా సన్నని ఈనెలు ఒకదాని పక్కన ఒకటి, మగ్గం మీద పడుగు దారాల్లా బారులు తీరి ఉంటాయి. దాని శాస్త్రీయ నామం కాలోఫిల్లం అంటే గ్రీకులో అందమైన ఆకు అని అర్థం. పెట్టినవాళ్ళు ఆకును వెలుగులో చూసే పెట్టి ఉంటారు.

డిసెంబరు 11

కాయల సేకరణ. ఆరు చెట్ల కిందా ఏరితే నాలుగు వందలకు పైగా వచ్చాయి. ఏ చెట్టు కాయ ఆ సంచిలోనే, సంచి మీద అంకె. ఇది మాత్రం తప్పకూడదని ముందే అనుకున్నాను. కోనేటి గట్టు చెట్టు ఒక్కటే వెయ్యి కాయలు ఇస్తుంది, దాని కిందే కూర్చుంటే పని సులువు. కానీ ఒక్క తల్లి పిల్లలతో ఊరంతా నింపితే మిగిలిన అయిదు చెట్లూ పోయినట్టే. ఒకటి ఉప్పును ఎక్కువ ఓర్చుకునేది కావచ్చు, ఒకటి గాలికి గట్టిది కావచ్చు, చూసి చెప్పలేం. అందుకే అన్ని తల్లుల నుంచీ తీసుకోవాలి.

సాయంత్రం పెద్ద పొరపాటు చేశాను. విత్తనాలను బకెట్ నీళ్ళలో పోసి, తేలినవి తాలు అని పక్కకు తీసేయడం మనకు అలవాటు. అలాగే పోశాను. దాదాపు అన్నీ తేలాయి. నూట యాభై దాకా ఎరువు గుంటలో పారబోసి, సగం మునిగినట్టున్న వాటిని ఉంచుకున్నాను. రాత్రి పడుకున్నాక తట్టింది. పొన్న సముద్రం మీద ప్రయాణం చేసే చెట్టు. తేలుతూ పోయి ఎక్కడో ఒడ్డున మొలవడానికే దాని కాయ అలా తయారైంది. తేలకపోతేనే అనుమానించాలి. లాంతరు పట్టుకుని వెళ్ళి ఎరువు గుంటలోంచి ఏరుకొచ్చాను, కానీ సంచుల అంకెలు కలిసిపోయాయి. వాటిని 'తల్లి తెలియనివి' అని వేరే కుండలో వేశాను.

ఇప్పుడు నేను వాడే పరీక్ష: కాయను చెవి దగ్గర ఊపడం. గలగలమంటే లోపలి పప్పు ఎండి కుదించుకుపోయింది, పాతది. చప్పుడు లేకపోతే తాజాది.

డిసెంబరు 18

పసిఫిక్ దీవుల్లో ఈ చెట్టును పెంచేవారి కోసం రాసిన వివరాల్లో ఒక లెక్క ఉంది. పెంకుతో నాటితే మొలక రావడానికి సగటున 57 రోజులు, పెంకు పగలగొట్టి నాటితే 38, పూర్తిగా తీసేస్తే 22. మన నేలలో, మన చలిలో ఎలా ఉంటుందో చూడాలని మూడు మళ్ళు చేశాను. ఒక్కో మడికి అరవై కాయలు, ఆరు తల్లుల నుంచి పదేసి.

పెంకు పగలగొట్టడమే కష్టమైన పని. సుత్తితో కొడితే పప్పు నుజ్జయింది. తలుపు సందులో నొక్కితే జారి గోడకు తగిలింది. చివరికి అమ్మమ్మ అడకత్తెర గుర్తొచ్చింది. వక్కను పట్టినట్టు పట్టి, కోయకుండా, నెమ్మదిగా ఒత్తిడి పెంచుతూ పోతే 'టిక్' మని సన్నని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు దగ్గర చెయ్యి ఆగిపోవాలి. పెంకుకు వెంట్రుకంత పగులు పడుతుంది. లోపల బెండులాంటి పొర, దాని లోపల లేత పసుపు పప్పు, గుండ్రంగా, నూనెతో తళతళలాడుతూ. చేతికి అంటిన వాసన రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

మడి: మూడు వంతులు ఇసుక, ఒక వంతు నానబెట్టి ఉప్పు కడిగిన కొబ్బరి పొట్టు. పైన కొబ్బరాకుల పందిరి.

2023 జనవరి 15, సంక్రాంతి

మొదటి మొలక. పెంకు తీసిన మడిలో, శ్మశానం దారి చెట్టుది. నాటిన 28వ రోజు. ఇంటినిండా చుట్టాలు, ముగ్గుల హడావిడి. నేను మాత్రం మడి దగ్గరే ఉన్నానని అమ్మ కోప్పడింది.

ఫిబ్రవరి 19

ఫలితం రాస్తున్నాను. పెంకు పూర్తిగా తీసినవి త్వరగా మొలిచాయి, కానీ అరవైలో 24 మాత్రమే మిగిలాయి. మిగిలినవాటిని చీమలు తిన్నాయి, కొన్ని బూజుపట్టి కుళ్ళాయి. పగులు పెట్టినవి నెమ్మదిగా వచ్చాయి, 47 నిలిచాయి. పెంకుతో పెట్టినవి ఇప్పుడిప్పుడే తల ఎత్తుతున్నాయి. ఇకపై నా పద్ధతి పగులు పెట్టడమే. మనకు తొందర లేదు, మొక్క నిలవడం కావాలి.

మార్చి 5

ఈ వారం జరిగినది వివరంగా రాయాలి.

మా తోట దక్షిణపు చివర తాటిచెట్టు కింద గబ్బిలాల రెట్టల మధ్య పొన్న కాయలు కనిపించాయి. ముప్పై దాకా ఉన్నాయి. పైన ఉండే పలచని కండ అంతా గీరి తిన్నట్టు పోయి, పెంకు శుభ్రంగా ఉంది, కొన్నింటి మీద పంటిగాట్లు. గబ్బిలం చెట్టు మీదే కూర్చుని తినదు, కాయ నోట కరుచుకుని తన చోటికి తెచ్చుకుని తిని గింజ వదిలేస్తుంది. అంటే మా తాటిచెట్టు పొన్నకు విత్తనాల గాదె.

అయితే మా ఆరు చెట్లలో ఒక్కటి కూడా ఈ వైపు లేదు. దగ్గరిదే రెండు కిలోమీటర్లు. పైగా ఈ కాయ మా కాయల కన్నా చిన్నది, పెంకు మరీ గుండ్రం. ఆరు సంచుల్లో కాయలన్నీ పక్కన పెట్టి పోల్చాను. దేనితోనూ కలవలేదు. ఇక్కడెక్కడో ఏడో చెట్టు ఉంది.

ఏప్రిల్ 23

వేసవికి కాలువలకు నీళ్ళు ఆపేశారు. బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుంటేనే ఉప్పగా ఉన్నాయి. పెద్ద పొన్న ఉప్పుగాలిని లెక్కచేయదు కదా, మొక్కకు మాత్రం ఏమవుతుందిలే అనుకుని వారం రోజులు బోరు నీళ్ళే పోశాను. ఆకు కొసలు మాడాయి. 19 మొక్కలు పోయాయి. గాలిలో ఉప్పును ఓర్చుకోవడం వేరు, సంచిలో రోజు రోజుకూ పేరుకునే ఉప్పు వేరు. ఆరు నెలలు కూడా నిండని మొక్కలు అవి. ఇప్పుడు మంచినీటి చెరువు నుంచి రోజుకు ఎనిమిది బిందెలు మోస్తున్నాను, ఉదయం ఏరు దాటించే పంటు ఎక్కి నరసాపురం ఆఫీసుకు వెళ్ళేలోపు నాలుగు, వచ్చాక నాలుగు.

జూన్ 18

ఏడో చెట్టు దొరికింది.

మూడు నెలలు నేను నేల మీద వెతికాను. అడగాల్సింది చెట్లెక్కే మనిషిని అని ఈ రోజు వరకూ తట్టలేదు. దింపు తీయడానికి వచ్చిన బాబాయి కొబ్బరి చెట్టు మీద నుంచి దిగి, మొక్కల పందిరి చూసి, "ఇవన్నీ ఏం మొక్కలమ్మా?" అని అడిగాడు. ఆకు చూపించి చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పై నుంచి చూస్తే ఈ ఆకు నల్లగా కనిపిస్తుంది. కొబ్బరి తలలన్నీ లేతగా ఊగుతుంటే అదొక్కటే నల్లగా, గుండ్రంగా, కదలకుండా ఉంటుంది. పాత మండువా ఇంటి వెనక ఉంది, చూడలేదా?" అన్నాడు.

అక్కడ చెట్టుందని నాకు తెలుసు. మామిడి అనుకున్నాను. మనుషులెవరూ ఉండని ఇల్లు, ముళ్ళపొదలు దాటుకుని ఎవరు వెళతారు. ఈ సాయంత్రం వెళ్ళాం. పూత మీద ఉంది. లోపలికి అడుగు పెట్టకముందే వాసన తగిలింది, మరీ ఘాటు కాని తీపి వాసన. నేలంతా తెల్లని రేకులు. తేనెటీగల రొద చెట్టు లోపలి నుంచే వస్తున్నట్టుంది. కాండం చుట్టూ చేతులు వేస్తే నేనూ బాబాయీ కలిసినా మా వేళ్ళు అందలేదు.

కాండం మీద సున్నంతో గుర్తు వేసి ఉంది. కొట్టేయడానికి.

జూన్ 25

ఇంటి యజమాని అమలాపురంలో ఉంటారు. ఇల్లు పడగొట్టి స్థలం అమ్మకానికి పెడుతున్నారట. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలని చెప్పవచ్చు, కానీ చట్టం పేరు ఎత్తితే ఆ మాటే చివరి మాట అవుతుందని తోచింది. మా తాతయ్య దగ్గర పని నేర్చుకున్న ముసలి వడ్రంగి తాతగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

"అది పనికిరాని చెట్టమ్మా. ఆకు చెత్త, గబ్బిలాల గోల. కలప కూడా ఎవరూ కొనరు" అన్నారు యజమాని.

వడ్రంగి తాతగారు తనదైన పద్ధతిలో మాట్లాడారు. ముందు రోజు చెట్టు చూసి వచ్చారు కాబట్టి కొమ్మ వంపును చేత్తో గాలిలో గీసి చూపించారు. "పడవకు పక్కటెముకలు వేస్తాం చూడండి, ఈ వంపు కావాలి. తిన్నని చెక్కను వంపుగా కోస్తే దాని పోగు తెగుతుంది, కెరటం దెబ్బకు అక్కడే విరుగుతుంది. వంపు చెక్కితే రాదండి, పెరగాలి. పొన్న పోగు పెనవేసుకుని ఉంటుంది, ఉలికి లొంగదు, అందుకే నీటికీ లొంగదు." పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ వచ్చి నరసాపురం దగ్గర ఓడలు కట్టించుకున్నారని నేను చదువుకున్నాను. ఆ పని చేసిన చేతుల వారసత్వం ఎలా ఉంటుందో ఆయన వేళ్ళు కదులుతుంటే చూశాను.

యజమాని ఏమీ అనలేదు. నేను తెచ్చిన పొన్న నూనె సీసా మూత తీసి బల్ల మీద పెట్టాను. చిక్కటి ఆకుపచ్చ రంగు, ఘాటైన వాసన. తాహితీలో ఇదే చెట్టును 'తమాను' అంటారని, ఈ నూనెనే వేలెడు సీసాల్లో చర్మానికి రాసుకోవడానికి ఎక్కువ ధరకు అమ్ముతున్నారని చెప్పబోయాను. ఆయన వినలేదు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నారు. "మా అమ్మ మోకాళ్ళకు రాసుకునేది. ఈ వాసన మా ఇంటి వాసన" అన్నారు.

చెట్టు వరకు రెండు సెంట్ల స్థలం అమ్మకంలోంచి తీసేస్తానన్నారు. కాగితం మీద కాదు, నోటి మాటే. ప్రస్తుతానికి చాలు.

జూలై 30

గోదావరికి వరద. ఏటిగట్టు లోపలి లంకలు మునిగాయి. మా వైపు గట్టు బాగానే ఉంది. పందిరి కింద నీరు నిలవకుండా బోదెలు తీశాను. అంతే.

డిసెంబరు 10

అయిదో తారీఖున మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా దగ్గర వాన. కుప్పల మీద ఉన్న వరి తడిసింది, ఊరంతా ఆ బాధలో ఉంది. మొక్కల గురించి మాట్లాడే వారం కాదిది. ఏడో చెట్టు కాయలు మాత్రం ఏరి, పగులు పెట్టి, 80 నాటాను.

2024 జూలై 14

నాటడం మొదలు. మొదటి విడత 96 మొక్కలు, ఏడాదిన్నర వయసువి. తల్లిని బట్టి ఒక్కో కర్రకు ఒక్కో రంగు వేశాను, పక్కపక్కన ఒకే రంగు రాకుండా చూశాను. రేపు ఇవి పూత పూస్తే తేనెటీగ ఒక తల్లి బిడ్డ నుంచి ఇంకో తల్లి బిడ్డకు వెళ్ళాలి.

స్థలాలు: శ్మశానం హద్దు, గుడి మాన్యం అంచు, బడి ఆవరణ, సముద్రం వైపు సరుగుడు తోట వెనక వరస. సరుగుడు త్వరగా పెరిగి గాలిని ఆపుతుంది, దాని చాటున నిదానంగా పెరిగే పొన్న నిలదొక్కుకుంటుంది. గొయ్యి మూరన్నర లోతు, అడుగున మాగిన పశువుల ఎరువు, చుట్టూ తాటిమట్టల కంచె. మేకలు పొన్న ఆకును పెద్దగా ముట్టవని చెప్పారు, అయినా కంచె లేని రెండు మొక్కల్ని గేదె తొక్కేసింది.

గుడి పూజారిగారు తమంతట తామే ముందుకొచ్చి రెండు మొక్కలకు నీళ్ళు పోస్తామన్నారు. ఉత్సవాల్లో స్వామికి పొన్న వాహనం ఉంది, ఊరి పిల్లలకు పొన్న చెట్టు తెలియదు, ఆ లోటు తమకు చాలాకాలంగా ఉందన్నారు.

2025 మే 18

నాటాక మొదటి వేసవి. 96లో 71 బతికాయి. శ్మశానం హద్దులోవి అన్నిటికన్నా బాగున్నాయి, ఎందుకంటే అక్కడ చేతిపంపు పక్కనే ఉంది, వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కున్న నీళ్ళు పారుతాయి. బడిలో సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక తొమ్మిది పోయాయి. ఆ తప్పు నాది, సెలవుల సంగతి ముందే ఆలోచించాల్సింది. ఎత్తు చూస్తే నిరాశ కలుగుతుంది. బాగా పెరిగినది కూడా నా భుజం దాకానే. రొయ్యల చెరువు గట్టు మీది తల్లిచెట్టు ఈ వేసవిలో పూర్తిగా ఎండిపోయింది. దాని పిల్లలు పదకొండు ఉన్నాయి, నీలం రంగు కర్రలు.

నవంబరు 2

మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గరే తీరం దాటింది. మా నెత్తి మీదుగా వెళ్ళిందన్నమాట. రాత్రంతా కొబ్బరి మట్టలు విరిగిపడే చప్పుడు. 1996 నవంబరు 6 తుపాను చూసిన అమ్మ, "అప్పటిలా లేదు, అప్పటిలా లేదు" అని తెల్లవార్లూ తనకు తానే చెప్పుకుంది.

మూడు రోజులు కరెంటు లేదు. ఈ రోజు అన్ని చోట్లా తిరిగాను. సరుగుడు తోటలో ముందు వరసలు చాలావరకు ఒరిగిపోయాయి. వాటి కింద పడి ఆరు పొన్న మొక్కలు విరిగాయి. మిగిలినవి నిలబడి ఉన్నాయి, సముద్రం వైపున్న ఆకులన్నీ ఇనుప పెనం తగిలినట్టు గోధుమరంగుకు మాడాయి, వెనక వైపు ఆకు పచ్చగానే ఉంది. ఒక మొక్క కాండాన్ని గోటితో కొద్దిగా గీరాను. లోపల పచ్చగా ఉంది, తెల్లని పాలు వచ్చాయి. ఆకు రాల్చినా మళ్ళీ చిగురిస్తాయని ఆశ.

చివర ఏడో చెట్టు దగ్గరికి వెళ్ళాను. మండువా ఇంటి పెంకుల కప్పు సగం కూలింది. చెట్టు ఉంది. పడమటి కొమ్మ ఒకటి, వడ్రంగి తాతగారు గాలిలో గీసి చూపించిన ఆ వంపు కొమ్మే, కాండం దగ్గర చీలి నేల మీద పడింది. యజమాని అప్పటికే ఫోను చేసి ఉన్నారు. కొమ్మ తాతగారికి ఇచ్చేయమన్నారు. చీలిన చోట నీరు నిలవకుండా బాబాయి రంపంతో ఏటవాలుగా కోశాడు. తాతగారు కుర్చీ వేయించుకుని కూర్చుని, తడి కొమ్మను నీడలో ఎలా ఆరబెట్టాలో చెబుతూ ఉన్నారు. ఎవరి పడవకో ఇంకా తెలియదు, ఆరడానికే చాలాకాలం పడుతుందన్నారు.

గాలికి రాలిన కాయలు నేలంతా ఉన్నాయి. ఎక్కువ భాగం పచ్చివి. పసుపు తిరిగినవి ఏరితే 140 వచ్చాయి. చెవి దగ్గర ఊపి చూశాను, ఒక్కటీ చప్పుడు చేయలేదు. సంచి మీద 7 వేశాను. అడకత్తెర కీలు ఈ మధ్య వదులైంది, రేపు పంటు దిగగానే నరసాపురంలో బాగు చేయించాలి.